ట్యాంకర్ వెనక దెబోరా

బుట్ట మళ్ళీ తప్పిపోయింది. తప్పిపోవడమంటే ఎక్కడో దూరంగా పోవడం కాదు, అదే కడుపుమంట. విమానం ముక్కుకు కుడి పక్కన కొమ్ములా పొడుచుకొచ్చిన గొట్టం కొస బుట్ట అంచుకు తగలనే తగిలింది. తగిలీ తగలగానే బుట్ట గిరుక్కున తిరిగి అద్దం మీదుగా ఎగిరిపోయింది, విమానాన్ని తిప్పే కర్ర మీద దెబోరా చెయ్యి బిగుసుకుంది, విమానం మూతి పైకి లేచింది, దించితే మరీ దిగింది, ఎత్తితే మరీ లేచింది, అలా నాలుగు ఊపులు ఊగి, ఇంకొక్క ఊపు ఊగితే ట్యాంకర్ తోకను గుద్దేస్తానని తెలిసి, ఆమె ఎడమ చేత్తో పవర్ లాగేసి వెనక్కి జారిపోయింది. ఎదురుగా సగం ఆకాశాన్ని కమ్మేసిన, ఇంధనం మోసే ఆ పెద్ద విమానం ఏమీ ఎరగనట్టు తన దారిన తాను పోతూనే ఉంది. దాని కుడి రెక్క కింద నుంచి వేలాడే పొడవాటి పైపూ, ఆ పైపు చివర బుట్టా, వెక్కిరించినట్టు నెమ్మదిగా ఊగుతున్నాయి.

"రెండు పాయనమ్మా. ఇంగొకటే," అన్నాడు చెవుల్లో జ్ఞానప్రకాశం సారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఎయిర్‌ఫోర్సులో ఉద్యోగకాలమంతా విమానాల కింద వెల్లకిలా పడుకుని పైపులు బిగించినవాడు, రిటైరై ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకున్నాక హాల్లో కంప్యూటరు పెట్టుకుని చివరికి విమానం లోపల కూర్చున్నవాడు. నంద్యాల నుంచి అహోబిలం దారి దాకా తనలాంటి పిచ్చివాళ్ళు ఎక్కడున్నారో వెతికి, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చునే ఒకే ఆకాశంలో ఎగిరేలా ఒక దళం కట్టాడు. వీడియో ఆట అంటే మాత్రం ఊరుకోడు. నిజం మిరాజ్ యుద్ధవిమానంలో ఎన్ని మీటలున్నాయో తెర మీది మిరాజ్‌లోనూ అన్ని మీటలుంటాయి, ఒకటి మరిచిపోతే ఇంజను రాజుకోదు, రెండు మరిచిపోతే రాజుకుని కాలిపోతుంది. ఇంకాసేపట్లో దళం మొదటిసారి ఇంత దూరం పోతోంది. సముద్రం దాటి, అవతలి తీరం మీద పని ముగించుకుని, మళ్ళీ సముద్రం దాటి రావాలి. మధ్యలో గాల్లోనే ఇంధనం ఎక్కించుకోగలిగినవాళ్ళే పోతారు. సారు కిందటి నెలే చెప్పాడు, ఆదివారం మూడు ఛాన్సులు, బుట్ట అందుకోవాలి, అందుకున్నాక ట్యాంకు నిండేదాకా ఊడకూడదు, ఊడితే మిగిలిన ఒక్క సీటూ చందనకు. చందన ఆళ్లగడ్డ పిల్ల, వాళ్ళది రాళ్ళు చెక్కే ఇల్లు. తను ముందే పాసై, ట్యాంకు నింపుకుని, ఇప్పుడు ట్యాంకర్ ఎడమ రెక్క పక్కన తీరిగ్గా ఎగురుతూ చూస్తోంది. కాచుకుని ఉన్న కొంగ కూడా అంత తీరిగ్గా ఉండదు.

నంద్యాలలో ఆదివారం సాయంత్రం, మేడ మీది గది, కిటికీకి దుప్పటి కప్పి ఉంది. కుట్టుమిషను బల్లకు బిగించిన కర్ర, దానికెదురుగా ప్లాస్టిక్ కుర్చీ, కాళ్ళ కింద తొక్కుడు పలకలు. పలకల్ని గట్టిగా తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోతుంటే సైకిల్ ట్యూబుతో దాన్ని బల్ల కాలికి కట్టేసింది ఆమె మొగుడే. జయప్రకాష్ ఇప్పుడు గోడ దగ్గర నేల మీద కూర్చుని, వదులుగా ఉన్న కరెంటు బోర్డుకు మోకాలు ఆనించి, ఒళ్ళో బొరుగుల గిన్నె పెట్టుకుని ఉన్నాడు. కింద ఫ్రిజ్జు ఆపేశాడు, మిక్సీ వైరు పీకేశాడు, ఇన్వర్టరు మీద చెయ్యేసి వేడి చూసి వచ్చాడు. "ఏందీ, కూలిపాయనా?" అన్నాడు బొరుగులు నములుతూ. "కూల్లేదు. తప్పింది." "రెండూ ఒగటే గదా." "ఒగటి కాదప్పా! నువ్వు మోకాలు కదిలిచ్చాకు, అది చాలు." చెమట చెవుల వెనక నుంచి మెడ మీదికి దిగుతోంది. భయం కాదిది, భయమైతే పొట్టలో పుడుతుంది. ఇది అరికాళ్ళలో పుట్టింది, తిరునాళ్ళలో రంగులరాట్నం పైకొసకు పోయి ఆగినప్పుడు కిందున్న దీపాలన్నీ కళ్ళలోకి వచ్చి పడ్డట్టు, ఒళ్ళంతా మేలుకుని ఉంది. పొద్దున చర్చిలో పాట మధ్యలో కూడా ఇదే, పాస్టరు గారు అందర్నీ లేచి నిలబడమంటే ఆమె ఎడమ చెయ్యి తనంతట తాను బల్ల అంచును ముందుకు నెట్టింది, పవర్ పెంచుతున్నట్టు. పక్కనున్న బాలమ్మ చూసి ఏమనుకుందో.

అసలు ఎక్కడ మొదలైంది? లాక్‌డౌన్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంట్లోంచి లెక్కలు చెప్పడానికని కొన్న కంప్యూటరు. బడి తెరిచాక దాని మీద దుమ్ము పడుతుంటే కూతురు బ్లెస్సీ హాస్టలు నుంచి వచ్చిన సెలవుల్లో అందులో ఏదో విమానం ఆట ఎక్కించి పోయింది, అమ్మా ఊరికే చూడు అని. ఊరికే చూసింది. ఇంజను రాజేయడానికే వారం పట్టింది. నేల విడిచిన రోజు, చక్రాల చప్పుడు ఆగిపోయి కింద రన్‌వే సన్నబడి గీతై దారమై పోయిన రోజు, నలభై దాటిన లెక్కల టీచరు కుర్చీలోంచి లేచి గదిలో ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ప్రతి పక్షీ వేరేగా కనిపించింది. బడి మైదానం మీద తిరిగే గద్ద రెక్క వంచి మలుపు తీసుకుంటుంటే బోర్డు మీద రాస్తున్న చాక్‌పీసు ఆగిపోయేది, ఇదిగో ఇట్లా, ఇట్లా వంచాలి, మూతి జారకుండా ఇట్లా. అన్నీ నేర్చుకుంది. రాడార్ నేర్చుకుంది, మబ్బులో గుడ్డిగా దిగడం నేర్చుకుంది, పక్క విమానానికి రెక్కలో రెక్కలా అంటిపెట్టుకుని ఎగరడం నేర్చుకుంది. ఒక్క ఇంధనం ఎక్కించుకోవడమే రాలేదు. యుద్ధవిమానం ఇంధనాన్ని ఎండాకాలం కడవలో నీళ్ళు తాగినట్టు తాగేస్తుంది. బుట్ట అందుకుని నింపుకున్నవాళ్ళంతా ఉత్సాహంగా ముందుకు పోతున్న వేళకు దెబోరా ముందు బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, ఇక తిరుగు అని. తిరిగేది. ప్రతిసారీ తిరిగేది. వెనక చెవుల్లో వాళ్ళ కేకలు, నవ్వులు, అదిగో, ఇదిగో, కొట్టినా కొట్టినా అని. ఆమె మాత్రం ఖాళీ ఆకాశంలో ఇంటి దారిన, ఒక్కతే.

తిరగడం కొత్త కాదు గదా. నంద్యాల కాలేజీలో ఎన్‌సీసీ. ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకుని, బూట్లకు తెల్లవారకముందే పాలిష్ వేసుకుని, హైదరాబాదు క్యాంపుకు ఎంపికైంది, అక్కడ చిన్న విమానంలో ఒక్క చుట్టు తిప్పుతారట, నిజం విమానం, రెండే సీట్లు, ముందు నువ్వు కూర్చుంటే వెనక పైలట్. రాత్రంతా నిద్ర పట్టలేదు, బస్సులో కర్నూలు దాకా మెడ కిటికీ బయటే. కర్నూలు బస్టాండులో రైలు కోసం పోవడానికి అందరూ వరస కడుతుంటే నాయన కనిపించాడు. అబ్రహాము, భుజాన తువ్వాల, సొంతూరు గడివేముల దుమ్ము ఇంకా కాళ్ళ మీదే ఉంది. "సంబంధం వచ్చాదంట పాపా, ఆదివారం చూసేకి వస్తారు. దా, పోదాం." అంతే. కోపంగా కూడా అనలేదు. పెట్టె ఆయనే ఎత్తుకున్నాడు, నిమ్మకాయ సోడా తాగించాడు, బస్సులో ఆమె ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక అద్దం మూసి, తెరిచి, మూసి. ఆదివారం వాళ్ళు వచ్చారు, ఉగ్గాని తిన్నారు, పిల్ల నలుపన్నారు, పోయారు. క్యాంపు నుంచి తిరిగొచ్చిన స్నేహితురాలు హేమలత చెప్పింది, పైనుంచి చూస్తే చెరువులు నాణేల్లా ఉంటాయే అని. నాణేల్లా. ఆ మాట ఇన్నేళ్ళుగా ఎక్కడో గుచ్చుకునే ఉంది, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, చెయ్యి సడలించు, సడలించు, బొటనవేలు తెల్లబడిపోతోంది చూడు.

"వస్తాండా సార్," అంది. "రా. మెల్లగా. బుట్టను చూడాకు దెబోరమ్మా, వందసార్లు చెప్పినా. ట్యాంకర్‌ను చూడు. దాని రెక్కను చూడు. బుట్ట నీ కంటికొసన ఉంటే చాలు." చూడను. చూడనే చూడను. ఎడమచెయ్యి వెంట్రుకంత ముందుకు. ట్యాంకర్ పెరిగింది. రెక్క కింది రెండు ఇంజన్లు పెరిగాయి, పొట్ట మీది నల్లటి నూనె మరకలు కూడా కనిపిస్తున్నాయి, ఎవడు చేశాడోగానీ ఈ ఆట, మరకలతో సహా చేశాడు. గంటకు వందల మైళ్ళ వేగంతో రెండు విమానాలూ దూసుకుపోతున్నాయి, ఒకదానికొకటి మాత్రం ముసలామె నడిచినంత మెల్లగా దగ్గరవుతున్నాయి, అదే దీని మాయ. కింద, తెర మీది ఉదయపు ఎండలో సముద్రం, పలుచగా మబ్బులు, రెక్క మీద వెలుగు. ఎంత బాగుంది. ఎంత బాగుంది అనుకునే లోపల కళ్ళు బుట్ట మీదికి పోయాయి. లాగినా రావడం లేదు. అతుక్కుపోయాయి. బుట్ట పైకి పోతే చెయ్యి పైకి, కిందికి పోతే చెయ్యి కిందికి, మళ్ళీ అదే ఊగుడు మొదలవుతోంది. ఎందుకు? ఎంతమంది పిల్లలకు చెప్పింది తను, లెక్క మొత్తం చూడండిరా, ఒక్క అంకెను పట్టుకుని వేలాడొద్దని. మరి తనెందుకు ఈ గిన్నెను పట్టుకుని వేలాడుతోంది. గిన్నె. అవును, గిన్నె! నోరు వెడల్పుగా, కింద సన్నగా గొట్టమై, కదిలిపోతూ, తను వెనక నడుస్తుంటే ముందుకు ముందుకు పోతూ.

జడ్డిగం. నల్లరేగడిలో శనగ విత్తే రోజులు, ముందు ఎద్దులు, ఎద్దుల వెనక చాళ్ళు తీసే గొర్రు, గొర్రు మీద నిలబెట్టిన చెక్క గిన్నె, దాన్నే జడ్డిగం అంటారు. గిన్నె అడుగున బొక్కలు, బొక్కల నుంచి వెదురు గొట్టాలు, గుప్పిట్లోంచి గింజలు సమంగా రాలిస్తే గొట్టాల్లోంచి జారి చాళ్ళలో పడతాయి. నాయన గొర్రు తోలేవాడు, అమ్మ, లూదియమ్మ, విత్తేది. వాళ్ళవీ పైవాళ్ళవీ కలిపి చుట్టుపక్కల ఎన్ని చేలలో లూదియమ్మ చెయ్యి గింజలు రాల్చిందో లెక్క లేదు, ఆమె విత్తిన చేను దువ్వెనతో దువ్వినట్టు మొలిచేది. బడి లేని ఒక రోజు గింజల ఒడి దెబోరా నడుముకు కట్టింది అమ్మ. పదేళ్ళుంటాయేమో. "జడ్డిగం మీద నుంచి కన్ను తీసినావంటే సూడు, చాలంతా బోడవుతాది." కన్ను తియ్యలేదు. పొద్దంతా తియ్యలేదు. కాళ్ళ కింద పెళ్ళలు గుచ్చుకున్నా, చెమట కంట్లో పడి మండినా, గిన్నె నోరు, గిన్నె నోరు, లోకంలో ఇంకేమీ లేదు. ఆ రాత్రి పడుకుంటే కళ్ళు మూసినా గిన్నె ముందుకు పోతూనే ఉంది. అదే, అదే పట్టుకుంది ఇన్నాళ్ళూ! కదిలే గిన్నె కనిపిస్తే చాలు కళ్ళు పదేళ్ళ పిల్లవైపోతున్నాయి. ఎగరడం చేతగాక కాదు. ఆ పిల్ల భయపడుతోంది, చాలు బోడవుతుందని. సరే, ఆ పిల్ల విత్తిన చాలు ఎలా మొలిచింది? ఒకచోట గుంపులు, ఒకచోట బోడి. నాయన నవ్వి ఊరుకున్నాడు. మరి అమ్మ? అమ్మ ఎప్పుడు చూసింది గిన్నెను? దెబోరా పవర్ కాస్త తగ్గించి బుట్టకు కొంచెం వెనకే నిలిచింది. గట్టు మీద కూర్చుని చూసిన వందల సార్లలో ఒక్కసారైనా అమ్మ తల వంచుకుని ఉందా? లేదు. అమ్మ తల ఎత్తుకుని ఉండేది, చూపు ఎద్దుల వీపుల మీదో, నాయన తలపాగా మీదో, ఇంకా అవతల కొండ మీదో. నోరు మాత్రం ఆగేది కాదు. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా మాట్లాడుతూనే ఉండేది. ఎవరింట్లో ఏం వండారు, ఎవరి గేదె ఈనింది, పాస్టరమ్మ కొత్త చీర, నాయన ఊఁ కొడుతూ ఎద్దుల్ని అదిలిస్తూ. ఒకరోజు నాయనకు ఏదో కోపమొచ్చి మాట్లాడొద్దన్నాడు, ఆ రోజు అమ్మ విత్తనమూ సరిగా పడలేదు. నోరు ఆడుతుంటే చెయ్యి తన పని తాను చూసుకునేది. నోరు మూస్తే చెయ్యి తెలివి మీరేది.

సారు దళంలో మాత్రం బుట్ట దగ్గరికి పోయేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు. దెబోరా మైకు మీట నొక్కింది. "చందనా." అవతల గరగర. "అక్కా?" "ఏమన్నా చెప్పు." "ఏం చెప్పల్ల?" "ఏదో ఒగటి. ముచ్చట. మీ షెడ్డులో ఏం జరిగిందో చెప్పు, ఆపాకుండా చెప్పు." "దెబోరమ్మా!" సారు గొంతు ఖంగుమంది. "ఏందమ్మా ఇది, ఇదేమన్నా కొళాయి కాడనా? రేడియో మూయండి ఇద్దరూ." "సార్, ఇది నా ఆఖరు ఛాన్సు. నాకు ముచ్చట కావాల. పోతే నాదే పోతాది." ట్యాంకర్ పోతోంది, బుట్ట ఊగుతోంది. చందన నోరు మూసుకుని ఉంటే చాలు, సీటు నడుచుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంటుంది. సారు మాట విన్నట్టూ ఉంటుంది, మంచిపిల్ల అనిపించుకున్నట్టూ ఉంటుంది. గోడ దగ్గర బొరుగుల కరకర ఆగిపోయింది.

"ఉయ్యాలవాడ దిక్కు నుంచి ఒగ ఇంటోళ్ళు వచ్చినారక్కా," అంది చందన, ఒక్క ఉదుటున, ఎవరో వెనక నుంచి తోసినట్టు. "వాళ్ళ నాయన బొమ్మ చెక్కాలంట. పెద్దాయన సచ్చిపోయినాడు, చేను కాడ పెడతారంట. ఫోటో ఇచ్చినారు, ఏందో పాత పెండ్లి ఫోటోలోంచి కత్తిరిచ్చింది. నేను కంప్యూటర్లో గీసిన, మా మామ రాయి మీద ఎక్కిచ్చినాడు. బొమ్మ చూసేకి వచ్చినారు. పెద్దకొడుకేమో మీసం శానా పెద్దదిగా ఉండాది, తగ్గీండంటాడు." "ఊఁ," అంది దెబోరా, ఎడమచెయ్యి మళ్ళీ ముందుకు జరుపుతూ. చూపు ట్యాంకర్ కిటికీల వరస మీద ఉంది. రాయి, దుమ్ము, రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అటు దేవుళ్ళు ఇటు నాయకులు సగం సగం లేచి నిలబడి, గంటలు కొట్టినట్టు ఉలి దెబ్బలు, ఒకసారి అహోబిలం పోయే జీపులో ఆ షెడ్ల ముందు నుంచి పోతుంటే తల లేని సింహాలు వరసగా కనపడ్డాయి. "తగ్గిచ్చినారా?" "తగ్గిచ్చినాం. తగ్గిస్తే చిన్నకొడుకు వచ్చినాడు. మా నాయన మీసం ఊరికంతా పేరు, ఎవరు కోసింది దీన్ని అని గలాటా. రాయి గదా అన్నా, కోసేది చేతనైతాది గానీ మొలిపిచ్చేది మా చేతగాదు అని మా మామ." నవ్వు పొట్టలో మొదలైంది. చెయ్యి ఎక్కడుందో ఆమెకు తెలియదు. కంటికొసన ఏదో బూడిదరంగుగా వచ్చింది, దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, చిన్న కుదుపు, కుర్చీ కింద ఎవరో తలుపు గడియ పెట్టినట్టు టక్.

పచ్చదీపం వెలిగింది.

వెలిగింది! గొట్టం బుట్టలో ఉంది, ట్యాంకర్ గొంతులోంచి ఇంధనం తన గొంతులోకి దిగుతోంది, అంకెలు పైకి పైకి, దెబోరా అరవబోయి ఆపుకుంది, అరిస్తే చెయ్యి అరుస్తుంది. "ఆపాకు! చెప్పు, చెప్పు!" జయప్రకాష్ లేచాడో ఏమో, "కూర్చోప్పా, మోకాలు!" అంది తెర మీది నుంచి కన్ను తిప్పకుండా, ధబ్బున కూర్చున్న చప్పుడు. "ఇద్దరూ కొట్లాటకు దిగినారక్కా, బొమ్మ ముందర్నే. ఒగడు గడ్డపార ఎత్తినాడు, ఇంగొకడు మా ఉలి తీస్కున్న్యాడు." "సూడమ్మా, ట్యాంకర్ తిరుగుతాంది," అన్నాడు సారు, ఈసారి మెల్లగా, పిల్లి పక్కన నడిచినంత మెల్లగా. "ఎడమకు. నువ్వు కుడి రెక్క కింద ఉండావు, బయటి దిక్కు." ఎదురుగా ఆ కొండంత విమానం ఒక పక్కకు ఒరిగింది. ఒరుగుతుంటే సముద్రం ఒక గోడలా లేచి నిలబడింది, సూర్యుడు అద్దం ఈ కొస నుంచి ఆ కొసకు జారాడు, పైపు విల్లులా వంగింది. కిందటి నెల అందుకున్న బుట్ట ఊడింది ఈ మలుపులోనే. చేను చివర గట్టు దగ్గర ఎద్దులు తిరిగేవి. లోపలి ఎద్దు నిలబడ్డ చోటే కాళ్ళాడిస్తే బయటి ఎద్దు అంగలు వేసేది, అమ్మ బయటి వైపున కుచ్చిళ్ళు ఎగదోపుకుని గబగబా, మాట ఆపకుండానే, గింజ నేలపాలు కాకుండా గుప్పిట మూసి. బయటున్నవాళ్ళు అంగ సాచాలి. ఎడమచెయ్యి వెంట్రుకంత ముందుకు, ఇంకొక వెంట్రుక. ఒరుగు. దానితో పాటే ఒరుగు. నీకంటూ వేరే ఆకాశం లేదు, ట్యాంకర్‌కు ఏది పైనో నీకూ అదే పైన. ఒళ్ళంతా ఈలలు వేస్తోంది, వెంట్రుకలు నిక్కబొడిచాయి, నాయనా, కర్నూలు బస్టాండులో సోడా తాగించిన నాయనా, చూడు, నీ బిడ్డ వెల్లకిలా పడిన సముద్రం మీద ఎట్లా నిలబడిందో చూడు.

"అప్పుడు వచ్చిందక్కా ముసలామె. రాములమ్మ, సచ్చిపోయినాయన పెండ్లాము. ఆటోలోంచి దిగింది, కర్ర పట్టుకోని వచ్చింది. కొడుకులిద్దరూ గడ్డపార దించినారు. బొమ్మ కాడికి పోయింది. ముందర నుంచి సూసింది, పక్క నుంచి సూసింది, రాతి చెంప మీద చెయ్యేసి నిమిరింది. మేమంతా ఏడుస్తాది అనుకుంటాండాం." చందన ఆగింది. కావాలనే ఆగింది, ముండ. పచ్చదీపం వెలుగుతోంది. మలుపు సగం దాటింది. "చెప్పమే!" "ఈయన యెవుర్రా అనింది." "ఆఁ?" "కొడుకులు కత్తిరిచ్చింది వాళ్ళ నాయనను కాదక్కా. పక్కన నిలబడుకున్న్యాడంట వాళ్ళ పెదనాయన! అప్పటికింగా మీసం పెంచనోడే వాళ్ళ నాయన!"

దెబోరా నవ్వింది. పకపక నవ్వు కాదు, పొట్ట పట్టుకునే నవ్వు, కళ్ళలో నీళ్ళు తిరిగి తెర అంతా చెదిరిపోయి రెండు ట్యాంకర్లు, మూడు ట్యాంకర్లు కనిపించే నవ్వు. చెవుల్లో దళం మొత్తం నవ్వుతోంది, ఎవరో బల్ల కొడుతున్నారు, "నవ్వాకు! నవ్వాకమ్మా, చెయ్యి! చెయ్యి!" అని సారు కేక, ఆ కేకలో కూడా నవ్వు దూరి గొంతు విరిగిపోతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, సైకిల్ ట్యూబు కీచుమంటోంది. చెయ్యి మాత్రం, ఆ కుడిచెయ్యి మాత్రం, ఎవరిదో అన్నట్టు, ఇంకెవరి నవ్వో వింటున్నట్టు, కర్ర మీద మెత్తగా కూర్చుని ఉంది. ట్యాంకర్ మలుపు ముగించి నిటారుగా లేచింది. మిరాజ్ కూడా లేచింది. సముద్రం మళ్ళీ కిందికి దిగి పడుకుంది. పచ్చదీపం ఆరి, దాని పక్క దీపం వెలిగింది. ట్యాంకు నిండిపోయింది.

"ఇడువు," అన్నాడు సారు. ఆమె పవర్ కొంచెం తగ్గించింది, గొట్టం బుట్టలోంచి శుభ్రంగా ఊడొచ్చింది, తెల్లటి ఇంధనం పొగలాగా ఒక్క చిమ్ము చిమ్మి గాలిలో కలిసిపోయింది. "రెండో నంబరు, దెబోరా. నా కుడిపక్కకు రా." అన్నాడు సారు. "చందనా, నువ్వు చేసిన పని నీకు తెలుసునా? నోరు మూసుకోని ఉంటే ఆ సీటు నీది." "తెలుసు సార్." "మరి?" "అక్క అడిగె గదా సార్. అయినా మీసం కథ ఎవురికన్నా చెప్పాలని నాకు మూడు దినాల నుంచి నోరు దురద పెడతాంది." మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల కింద, చిన్నగా, దళమంతా వినేలా కాక తనకు తాను చెప్పుకున్నట్టు, చందన ఊపిరి ఒకటి వదిలింది. దెబోరాకు అది వినిపించింది. క్షమించమనాలా, మంచిదానివనాలా, రెండూ చాలవు. "నువ్వు దిగొద్దు చందనా," అంది. "దిగేదేమి? ఈడనే ఉంటా. మీరు ఎనిక్కి వచ్చేటప్పుడు ట్యాంకులు ఎండిపోయి వస్తారు గదా, మళ్ళా ఈ బుట్టనే అందుకోవాల. అప్పుడు నీకు ముచ్చటెవురు చెప్తారు? ఇంగొకటి ఉండాది, గుర్రం బొమ్మది. అది దీని కన్నా పెద్దది."

మిరాజ్ సారు విమానం కుడిపక్కకు పోయి రెక్క పక్కన రెక్కగా నిలిచింది. ముందు, తూర్పున, ఏ మబ్బూ లేని ఆకాశం. ఒక్కొక్క విమానమే ముక్కు తిప్పుకుని బారులు తీరుతోంది, ఎండలో వాటి వీపులు తళతళలాడుతున్నాయి. గోడ దగ్గర జయప్రకాష్ మోకాలు సర్దుకుని, గిన్నెలో మిగిలిన బొరుగులు అరచేతిలోకి దులుపుకున్నాడు. నవ్వులెందుకో, కేకలెందుకో అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు, మొత్తానికి మంచే జరిగినట్టుందని మాత్రం తెలిసింది. "ఏం మే, అయిపాయనా? వస్తాండావా కిందికి?"

"లేదప్పా," అంది దెబోరా, ఎడమచేతిని చివరిదాకా ముందుకు తోస్తూ. "ఇప్పుడే పోతాండా."